లాకుల దగ్గర ఆగే సందేశం

ధవళేశ్వరం నుంచి కాకినాడ దాకా కాలువ మీద పడవలు నడిచిన రోజుల్లో ప్రతి పడవా లాకుల దగ్గర ఆగాల్సిందే. నీటిమట్టం సరిచేసి తలుపు తీస్తేనే ముందుకు కదిలేది. సరుకు ఎక్కించినవారికీ, దించుకున్నవారికీ ఆ శ్రమ తెలిసేది కాదు. 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్టతో డెల్టాకు దక్కిన ఈ ఏర్పాటు తలచుకుంటే, ప్రోగ్రాముల మధ్య వెళ్ళే సందేశాన్ని దారిలో ఆపి చూసే ఇంటర్‌సెప్టర్ ఇట్టే అర్థమవుతుంది.

వేర్వేరు కంప్యూటర్లలోని ప్రోగ్రాములు ఒకదాన్నొకటి పని అడిగేందుకు 1991లో కోర్బా అనే ప్రమాణం వచ్చింది. 2001 నాటికి అందులో ఇంటర్‌సెప్టర్లూ చేరాయి. అడిగేవైపు ఇంటర్‌సెప్టర్ రిక్వెస్ట్‌కు ఒక చీటీ తగిలిస్తుంది: పంపినదెవరు, ఏ లావాదేవీలో భాగం అని. అవతలి ఇంటర్‌సెప్టర్ దాన్ని చదువుతుంది. అసలు పని చేసే కోడ్‌లో ఒక్క వరుస కూడా మార్చనక్కర్లేదు.

కోర్బాలో ఇంటర్‌సెప్టర్‌కు హద్దులున్నాయి, అదే దాని బలం. రిక్వెస్ట్‌ను తిప్పికొట్టవచ్చు, పని చేసే మరో ఆబ్జెక్ట్‌కు మళ్ళించవచ్చు. లోపలి సరుకును మాత్రం మార్చకూడదు. లాకుల తలుపు పడవను ఆపుతుందే గాని బస్తాలు విప్పదు కదా!

ఒక వైపు ఒకటికి మించి ఇంటర్‌సెప్టర్లుంటే, రిప్లై వచ్చేటప్పుడు వాటి వరుస తిరగబడుతుంది. వెళ్ళేటప్పుడు చివర చూసిన ఇంటర్‌సెప్టరే తిరుగుదారిలో మొదట చూస్తుంది.

ఇలాగే ప్రోగ్రాముల మధ్య రిమోట్ కాల్స్ నడిపే ఇప్పటి జీఆర్‌పీసీలోనూ ఇంటర్‌సెప్టర్లున్నాయి. ఒక్క జాగ్రత్త తప్పనిసరి: ఇంటర్‌సెప్టర్ తానే మరో రిమోట్ కాల్ చేస్తే, ఆ కాల్ మళ్ళీ దాని గుండానే వెళ్ళి అంతులేని సుడిలో పడవచ్చు.