రీస్టార్ట్ చేస్తే డివైజ్ పర్మిషన్ పోతోందా? శాశ్వతంగా ఇలా సరిచేసుకోండి

చందంపేట, నేరెడుగొమ్ము, డిండి వైపు నుంచి దరఖాస్తు పనుల మీద దేవరకొండకు వచ్చేవారికి ఒక రోజు వృథా అయితే ఆ రోజు కూలీ పోయినట్టే. కరెంటు పోయి వచ్చాక కౌంటర్‌లో ‘ప్రింటర్ పనిచేయట్లేదు, రేపు రండి’ అంటే ఇంకో రోజూ పోతుంది. లైనక్స్ కంప్యూటర్లలో దీనికి కారణం ప్రింటర్ కాకపోవచ్చు. అనుమతుల సెట్టింగ్ కావచ్చు. మీరు సేవా కేంద్రమో, ఆన్‌లైన్ దరఖాస్తుల షాపో నడుపుతుంటే ఇది తెలుసుకోండి.

అసలు సమస్య ఏంటి?

లైనక్స్ దాదాపు ప్రతి పరికరాన్నీ ఒక ఫైల్‌లా చూస్తుంది. యూఎస్‌బీ సీరియల్ కేబుల్‌తో కలిపిన రసీదు ప్రింటర్ ‘డెవ్’ ఫోల్డర్‌లో ‘టీటీవైయూఎస్‌బీ0’ వంటి పేరుతో కనిపిస్తుంది. మీ లాగిన్‌కు అనుమతి లేకపోతే ‘పర్మిషన్ డినైడ్’ అని వస్తుంది. అప్పుడు ‘సీహెచ్‌మాడ్ 666’ కమాండ్ ఇస్తే పని నడుస్తుంది. రీస్టార్ట్ చేస్తే మళ్లీ మొదటికే.

ఎందుకు పోతోంది?

డెవ్ ఫోల్డర్‌లోని ఈ ఫైళ్లు హార్డ్ డిస్క్‌లో ఉండవు. కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ మెమరీలో కొత్తగా తయారవుతాయి. ఎవరికి అనుమతి ఇవ్వాలో ‘యూడెవ్’ అనే ప్రోగ్రామ్ తన నిబంధనల ప్రకారం నిర్ణయిస్తుంది. మీరు చేత్తో ఇచ్చిన అనుమతి ఆ నిబంధనల్లో ఉండదు. కేబుల్ పీకి మళ్లీ పెట్టినా ఇంతే. అందుకే స్టార్టప్‌లో ఆ కమాండ్ పెట్టుకోవడం సగం పరిష్కారమే.

ఏం చేయాలి?

1. ముందు అదే పనిని ‘సుడో’తో ఒకసారి చేసి చూడండి. పనిచేస్తే అనుమతి సమస్యే. లేదంటే కేబుల్, పోర్ట్, డ్రైవర్ చూసుకోవాలి.

2. సీరియల్ పరికరమైతే ఉబుంటు, డెబియన్‌లలో మీ లాగిన్‌ను ‘డయలౌట్’ గ్రూపులో చేర్చండి. లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కావాలి. చాలామందికి ఇక్కడితో సరిపోతుంది.

3. వేరే రకం పరికరమైతే ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’ కమాండ్‌తో దాని వెండర్, ప్రొడక్ట్ నంబర్లు రాసుకోండి. ‘ఈటీసీ’లోని యూడెవ్ ఫోల్డర్‌లో ‘రూల్స్.డి’ ఉంటుంది. అందులో ఆ రెండు నంబర్లు, మీ లాగిన్ ఉన్న గ్రూపు పేరు, మోడ్ 660తో ఒక నిబంధన రాయండి. ఫైల్ పేరు చివర ‘.రూల్స్’ ఉండాలి.

4. ‘యూడెవ్ఏడీఎం’తో నిబంధనలను రీలోడ్ చేసి, కేబుల్ తీసి పెట్టండి. చివరగా రీస్టార్ట్ చేసి పరీక్షించండి.

666 ఎందుకు వద్దు?

666 ఇస్తే ఆ కంప్యూటర్‌లోని ఏ లాగిన్ అయినా, ఏ ప్రోగ్రామ్ అయినా ఆ పరికరాన్ని వాడుకోగలదు. వేలిముద్ర యంత్రం, డిజిటల్ సంతకం టోకెన్ ఉన్నచోట ఇది ప్రమాదం. 660 అయితే యజమానికి, ఆ గ్రూపుకే అనుమతి ఉంటుంది.

మీరు కౌంటర్‌కు ఇవతల ఉంటే?

ఆగింది ప్రింటర్ ఒక్కటేనా, దరఖాస్తు నమోదైందా అని అడగండి. మీసేవలో నమోదైతే దరఖాస్తు నంబర్ వస్తుంది. రసీదు రాకున్నా ఆ నంబర్ రాసుకోండి. దరఖాస్తు ఏ దశలో ఉందో ఫోన్‌లోనే చూసుకోవచ్చు. దానికోసం మళ్లీ బస్సెక్కక్కర్లేదు.