బెల్ ఎయిర్ పరకాయ ప్రవేశము

1957వ సంవత్సరపు షెవర్లే బెల్ ఎయిర్ కారు నేడు అమెరికాలో అమ్మకమునకు వచ్చినపుడు, పరస్పర విరుద్ధములని తోచు రెండు ప్రశంసలు దాని ప్రకటనలో తరచుగా ఒకే పంక్తియందు కూర్చుండి యుండును. రెక్కలు, క్రోమియపు నగిషీలు, రెండు వన్నెల మేని రంగు ఫ్యాక్టరీ వీడిన నాటివలెనే యున్నవనునది మొదటిది. ఇంజను, గేర్‌బాక్సు, బ్రేకులు, స్టీరింగు సర్వమును సరికొత్తవనునది రెండవది. వ్యాపారులు రెస్టోమాడ్ అని పిలుచు ఈ పద్ధతిని పాతకార్ల యెడ భక్తి గలవారు అపచారముగా భావింతురు. ఆ యంత్రము పుట్టుపూర్వోత్తరములు విచారించిన పిమ్మట నాకు మాత్రము ఆ ఆగ్రహము అంత న్యాయముగా తోచలేదు.

1955కు పూర్వము షెవర్లే పొదుపరులైన గృహస్థుల బండి. ఒకే వరుసలో నిలిచిన ఆరు సిలిండర్ల ఇంజనే దానికి చిరకాలముగా ఆధారము. 1952లో ప్రధాన ఇంజనీరుగా వచ్చిన ఎడ్ కోల్ నాయకత్వమున, నాలుగేసి సిలిండర్లు రెండు వరుసలుగా ఏటవాలున నిలుచు వి-8 ఇంజనొకటి 4.3 లీటర్ల పరిమాణముతో రూపొందెను. వాల్వులను తెరచు రాకరు చేతులను బరువైన కడ్డీకి వరుసగా గ్రుచ్చుట ఆనాటి వాడుక కాగా, ఇందులో ఒక్కొక్క చేతిని ఉక్కురేకునుండి అచ్చుగ్రుద్ది, గుండ్రని ఆనికపై విడివిడిగా నిలిపి, బోలుగానున్న పుష్‌రాడ్ల గుండ నూనె పైకెక్కి వానిని తడుపునట్లు అమర్చిరి. ఈ ఉపాయము సోదర శాఖయైన పాంటియాక్ వారిది. పోత గోడలు పలుచన చేయుటయు తోడ్పడగా, సిలిండర్లు రెండు పెరిగినను బరువు పాత ఇంజనుకంటె సుమారు 18 కిలోలు తగ్గెను. ఇంతటి కుశలత చూపినవారు తొలి యేట ఇంజను దిమ్మెలో నూనె వడపోతకు చోటు కల్పింపకుండుట వింతయే. ఆ లోపము 1956లో తీరినది.

1957లో పరిమాణము 265 నుండి 283 ఘనపుటంగుళములకు పెరిగెను. కార్బురేటరుకు బదులు ఇంధనమును చిమ్ము ప్రత్యేకపు అమరికతో 283 గుర్రపుశక్తి లభించునని, అనగా ఘనపుటంగుళమునకొక గుర్రమని, ప్రకటనలు మ్రోగినవి. క్రైస్లర్ వారు అంతకు ముందటి యేడే ఈ లెక్కను దాటియుండిరన్న సంగతి ఆ ప్రకటనలు వ్రాసినవారికి అంత రుచించినట్లు లేదు.

ఇక రెక్కలు. లాక్‌హీడ్ పి-38 యుద్ధవిమానపు తోకను చూచి ముగ్ధులైన హార్లే ఎర్ల్ శిల్పిబృందము వానిని 1948 కాడిలాక్‌పై మొలిపింపగా, అవి క్రమముగా చవకబండ్లకును ప్రాకినవి. గాలి నదుపు చేయుటలో వాని ప్రయోజనము అత్యల్పము. అయినను బెల్ ఎయిర్ ఎడమ రెక్క అంచున, క్రోమియపు పట్టీ వెనుక, పెట్రోలు పోయు మూతిని దాచిన చమత్కారము నేటికిని ముచ్చట గొలుపును.

ఈ సౌందర్యము క్రింద నిజమైన భయకారణములు కలవు. నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే. పల్లమున దిగునపుడు పలుమార్లు తొక్కినచో డ్రమ్ము వేడెక్కి, వ్యాకోచించి, లోపలి లైనింగునుండి దూరమగును. లైనింగు పట్టును వేడికి సడలును. పెడలు క్రిందికి దిగుచునే యుండును గాని బండి నిలువదు. ద్రవపీడన మంతయు ఒకే గది గల మాస్టరు సిలిండరునుండి వచ్చుటచే, ఎచ్చట కారినను నాలుగు చక్రముల బ్రేకులును ఒక్కమారే పోవును. అమెరికాలోని రహదారి భద్రతా బీమా సంస్థ 2009లో 1959 బెల్ ఎయిరును 2009 మాలిబుతో గంటకు 64 కిలోమీటర్ల వేగమున ఢీకొట్టించి చూపగా, పాతదాని ముందుభాగము డ్రైవరు స్థానము మీదికే కూలబడినది. దాని చట్రము 1957 దానికంటె భిన్నమైనదే. కాని ముందుభాగము నలిగి మనుష్యుని కాపాడవలెనను ఆలోచన 1957 నాటి చట్రమునందును లేదు.

రెస్టోమాడ్ కారులలో తరచుగా అమర్చునది 1997లో కార్వెట్టుతో లోకమునకు వచ్చిన ఎల్‌ఎస్ వంశపు ఇంజను. దిమ్మె అల్యూమినియముది, ఇంధన నియంత్రణము కంప్యూటరుది. విక్రమార్కుని కథలలోని పరకాయ ప్రవేశమువలె పరాయి ప్రాణము పాత దేహమున దూరినదని ఆక్షేపించువారు ఒక కొలతను గమనింపవలెను: పక్కపక్క సిలిండర్ల కేంద్రముల నడిమి దూరము 1955లో 4.4 అంగుళములు, ఎల్‌ఎస్ నందును 4.4 అంగుళములే. పుష్‌రాడ్లును అట్లే నిలిచినవి. వచ్చినవాడు పరాయివాడు కాడు, మనుమడు. డిస్కు బ్రేకులు, రెండు గదుల మాస్టరు సిలిండరు చేర్చుట నా దృష్టిలో అలంకారము కాదు, కర్తవ్యము. అయితే అవి బండిని ఆపగలవే గాని, ఢీకొన్న వేళ చట్రపు స్వభావమును మార్చలేవు.

ఇంజను నంబరు ఫ్యాక్టరీ నాటిదై యుండుటయే అసలు బండ్ల విలువకు ఆధారము కాగా, రెస్టోమాడ్ ధర పనివాని చేతిమీద నిలుచును. కావున కొనువాడు మెరుగును చూచి మురియుటకు ముందు బండిని పైకెత్తించి, చట్రమును, అతుకులను, వైర్ల కట్టలను పరిశీలింపవలెను. తుప్పుపట్టిన రేకును కోసి కొత్తది అతికిరో, లేక పుట్టీతో పూడ్చి రంగు పూసిరో తెలిసికొనుటకు చిన్న అయస్కాంతము చాలును; పుట్టీ మందముగా నున్నచోట అది అంటుకొనదు.