'మమ్' అంటే అమ్మ కాదు

ఇంగ్లీషు మీడియంలో చదివే మన పిల్లలు "మమ్స్ ద వర్డ్" అనే పలుకుబడి వినగానే అందులోని 'మమ్'ను అమ్మ అనుకుంటారు. నిజానికి అది పెదవులు బిగించినప్పుడు వెలువడే 'మ్' అనే ధ్వని. విషయం బయటపెట్టవద్దని భావం. 14వ శతాబ్దపు విలియం లాంగ్‌లాండ్ కావ్యం 'పియర్స్ ప్లౌమన్'లోనే ఈ ధ్వని కనిపిస్తుంది. షేక్‌స్పియర్ 'ఆరవ హెన్రీ' రెండవ భాగంలోనూ ఉంది. జంగారెడ్డిగూడెంలో మనం దీన్నే "కిమ్మనకు" అంటాం. నోట్లో నువ్వుగింజ నాననివారికి ఈ హితవు మరీ అవసరం.

హజ్రత్ అనస్ (రజి) బాల్యంలో మహాప్రవక్త (సఅసం) పనిమీద వెళ్ళి, ఇంటికి ఆలస్యంగా చేరారు. ఏం పని అని తల్లి అడిగితే, అది రహస్యమన్నారు. ఆమె గుచ్చి అడగలేదు. ప్రవక్త రహస్యాన్ని ఎవరికీ చెప్పవద్దని కుమారునికి బోధించారు. 'సహీహ్ ముస్లిం'లో ఈ ఉదంతం ఉంది.

నమ్మి చెప్పిన మాట అమానత్. దాన్ని వాట్సాప్ గ్రూపులో పెట్టడం ద్రోహమే. అయితే ఒకరి హక్కు మన సాక్ష్యంపై ఆధారపడినప్పుడు మౌనం తగదు. సాక్ష్యాన్ని దాచడం పాపమని దివ్యఖుర్ఆన్ (2:283) హెచ్చరిస్తోంది. ఈ రెంటి మధ్య తేడాను పిల్లలకు నేర్పవలసిన బాధ్యత ఇంటి పెద్దలదే.