గండి కొట్టిందెవరు... పూడ్చేదెవరు?

కంప్యూటర్లను కుప్పకూల్చే 'పురుగు'ను పుట్టించినవాడు ఏ దేశంలోనో ఉంటాడు. దొరికితే దొరుకుతాడు, లేకపోతే లేదు. దెబ్బ మాత్రం మన ఊరి పోలీస్‌స్టేషన్ దాకా వస్తుంది.

అనంతపురం పక్కనే ఉన్న బుక్కరాయసముద్రంలో ముసలమ్మ కట్ట అంటే తెలియనివాళ్లుండరు. విజయనగర రాజుల కాలం నాటి పెద్ద చెరువది. ఒకానొక ఏడు కుండపోత వానలకు కట్ట తెగేలా ఉందట. బసిరెడ్డి చిన్నకోడలిని బలిస్తే తప్ప ఊరు దక్కదని దేవత వాక్కు వినిపించిందట. పేరుకే ముసలమ్మ... నిండా పడుచుపిల్ల. ఎవరూ తొయ్యకుండానే ఊరి కోసం గండిలోకి నడిచి వెళ్లిపోయింది. కట్టమంచి రామలింగారెడ్డి 1899లో రాసిన 'ముసలమ్మ మరణం' కావ్యానికి ఈ కథే ఆధారం.

కథ వింటే కళ్లు చెమరుస్తాయి. కానీ ఓ సందేహం కూడా వస్తుంది. కట్ట బలహీనపడిందని వానకు ముందే ఎవరికీ తెలియలేదా? తెలిసీ నాలుగు తట్టల మట్టి వేయించలేదా?

సరిగ్గా ఇదే ప్రశ్న 2017 మే నెలలో ప్రపంచమంతా వేసుకుంది. ఈసారి తెగింది చెరువు కట్ట కాదు, కంప్యూటర్లు.

పోలీసులకే దెబ్బ!

2017 మే 12, శుక్రవారం. 'వానాక్రై' అనే కంప్యూటర్ పురుగు బయల్దేరింది. చూస్తుండగానే 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లకు పాకింది. తెర మీద ఎర్రటి బెదిరింపు... 'మీ ఫైళ్లన్నిటికీ తాళం వేశాం. 300 డాలర్లు బిట్‌కాయిన్లలో కడితేనే తాళంచెవి. మూడు రోజులు దాటితే రెట్టింపు!' ఇంగ్లండులో ఆసుపత్రులు సుమారు 19 వేల అపాయింట్‌మెంట్లను రద్దు చేసుకోవాల్సి వచ్చింది.

మన దగ్గర దెబ్బ తగిలింది ఎవరికో తెలుసా? నేరస్థుల్ని పట్టుకోవాల్సిన పోలీసులకే. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో 18 పోలీసు యూనిట్లలో కంప్యూటర్లు దీని బారినపడ్డాయని అప్పట్లో వార్తలొచ్చాయి. విండోస్‌తో నడిచేవాటికే ఇబ్బంది వచ్చిందని నాటి డీజీపీ సాంబశివరావు చెప్పారు. అనంతపురం పేరు ఆ జాబితాలో లేదు. అంతమాత్రాన ఊపిరి పీల్చుకోవాల్సిందేమీ లేదు. పక్కనున్న చిత్తూరులోనూ వాడేది అదే విండోస్, అదే నెట్‌వర్కు, అదే అలవాట్లు.

ఇంతకీ ఈ పురుగేంటి? మామూలు వైరస్ ఎవరో ఒకరు ఫైలు తెరిస్తేనే పనిచేస్తుంది. పురుగుకు ఆ అవసరం లేదు. యంత్రం ఆన్‌లో ఉండి, నెట్‌వర్కులో ఉండి, అందులో ఓ చిల్లుంటే చాలు... తనంతట తానే దూరుతుంది. అక్కణ్నుంచి మరోదాన్ని వెతుక్కుంటుంది. వేరుసెనగ రైతుకు దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. ఎర్ర గొంగళి పురుగు ఒక చేనును మేసేసి దండులా పక్క చేనుకు ఎలా కదులుతుందో చూసినవాళ్లే కదా!

ఇక వానాక్రై దూరిన చిల్లు సంగతి. దాన్ని మూసే అతుకు... అదే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14నే విడుదల చేసింది. అంటే 59 రోజుల ముందు! పైసా ఖర్చు లేదు. వేసుకున్న కంప్యూటర్ల జోలికి పురుగు రాలేకపోయింది. అప్పట్లో అందరూ పాత విండోస్ ఎక్స్‌పీని తిట్టిపోశారు. తీరా లెక్క తీస్తే దెబ్బతిన్నవాటిలో అత్యధికం విండోస్ 7 యంత్రాలే. అంటే, మందు దొరక్క పోయినవి తక్కువ. ఇంట్లో మందు పెట్టుకుని వేసుకోనివే ఎక్కువ.

శిక్షలు... ఓ చిత్రమైన చిట్టా

పురుగును వదిలినవాడికి ఏం శిక్ష పడుతుంది? ఈ ప్రశ్నకు జవాబు వెతికితే నవ్వాలో ఏడవాలో తెలియదు.

మొట్టమొదట దోషిగా తేలినవాడు రాబర్ట్ మోరిస్. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం విద్యార్థి. 1988 నవంబరు 2న అతను వదిలిన ప్రోగ్రాం ఆనాటి చిన్న ఇంటర్నెట్‌లో సుమారు 6 వేల కంప్యూటర్లను స్తంభింపజేసిందని అంచనా. 1990లో తీర్పు... మూడేళ్ల ప్రొబేషన్, 400 గంటల సమాజసేవ, 10,050 డాలర్ల జరిమానా. జైలు లేదు. తర్వాత ఆయన ప్రసిద్ధ ఎంఐటీలో ప్రొఫెసర్ అయ్యారు.

2000 మే నెలలో 'ఐ లవ్ యూ' అంటూ మెయిల్ వచ్చిందంటే తెరవనివాళ్లు ఎవరు? మనీలాలో చదువుకున్న ఒనెల్ డి గుజ్మన్ పనది. ప్రపంచమంతా గగ్గోలెత్తింది, పోలీసులు అతని దాకా వెళ్లారు. తీరా చూస్తే అతణ్ని శిక్షించేందుకు ఫిలిప్పీన్స్‌లో చట్టమే లేదు! ఆగమేఘాల మీద జూన్‌లో చట్టం చేశారు కానీ, మేలో చేసిన నేరానికి అది వర్తించదు. ఆగస్టులో కేసు ఎత్తేశారు.

జర్మనీ కుర్రాడు స్వెన్ యాషాన్‌ది మరో కథ. 2004 ఏప్రిల్ 13న మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చింది. పదిహేడు రోజులు తిరక్కుండానే, సరిగ్గా ఆ చిల్లులోంచే దూరే 'సాసర్' పురుగు బయటికొచ్చింది. ఇంగ్లండు తీరరక్షక దళం కాగితం మ్యాపులు తీయాల్సి వచ్చింది. పుట్టించిన కుర్రాడికి అప్పుడే పద్దెనిమిదో పుట్టినరోజు అయింది. ప్రోగ్రాం రాసేనాటికి మైనరు కాబట్టి కోర్టు 2005 జులైలో 21 నెలల శిక్ష వేసి, దాన్నీ నిలిపేసి, 30 గంటల సమాజసేవతో సరిపెట్టింది. పైగా ఓ భద్రతా సంస్థ పిలిచి ఉద్యోగమిచ్చింది! అతని ఆచూకీ చెప్పినవాళ్లకు మైక్రోసాఫ్ట్ ముట్టజెప్పింది మాత్రం రెండున్నర లక్షల డాలర్లు.

అందరికీ అంత తేలిగ్గా పోలేదు లెండి. 1999లో 'మెలిసా'ను వదిలిన డేవిడ్ స్మిత్ 20 నెలలు జైలుకెళ్లాడు. 2003 నాటి 'బ్లాస్టర్'ను కాస్త మార్చి వదిలిన అమెరికా కుర్రాడు జెఫ్రీ పార్సన్‌కు పద్దెనిమిది నెలలు పడింది. అసలు బ్లాస్టర్‌ను రాసినవాడు మాత్రం దొరకనేలేదు. 2008 నవంబరులో వచ్చిన 'కాన్‌ఫికర్' కర్తల కోసం ప్రకటించిన రెండున్నర లక్షల డాలర్ల బహుమతిని తీసుకోవడానికీ ఎవరూ రాలేదు. పెన్‌డ్రైవ్‌లో కూర్చుని ప్రయాణించే పురుగది. ఒకే పెన్‌డ్రైవ్ జెరాక్స్ షాపు నుంచి కాలేజీకి, కాలేజీ నుంచి ఆఫీసుకు తిరిగే మన ఊళ్లలో అలాంటిదానికి ఇంతకంటే మంచి బస్సేం కావాలి?

వానాక్రై నాటికి కథ మారిపోయింది. పురుగు దూరేందుకు వాడుకున్న ఆయుధం అమెరికా గూఢచారి సంస్థ ఎన్ఎస్ఏ తయారు చేసుకున్నది. చిల్లు సంగతి తెలిసీ వాళ్లు గుట్టుగా దాచుకున్నారు. అది కాస్తా దొంగలపాలైంది. 2018లో అమెరికా ఉత్తర కొరియాకు చెందిన పార్క్ జిన్ హ్యోక్ మీద అభియోగాలు మోపింది. ఆ దేశం అతణ్ని అప్పగిస్తుందా? దాచుకున్న ఎన్ఎస్ఏను బోనెక్కించే కోర్టెక్కడ?

ఆ రోజు పురుగును ఆపినవాడి కథ ఇంకా విచిత్రం. మార్కస్ హచిన్స్ అనే ఇరవై రెండేళ్ల ఇంగ్లండు కుర్రాడు, ఆ పురుగు పదేపదే ఓ వెబ్ చిరునామాను వెతుకుతోందని గమనించాడు. పదకొండు డాలర్లలోపే పెట్టి దాన్ని తన పేరున నమోదు చేశాడు. పురుగు ఆగిపోయింది! మూడు నెలలకే అమెరికాలో అతణ్ని అరెస్టు చేశారు. అంతకుముందెప్పుడో బ్యాంకు ఖాతాలను దోచే ప్రోగ్రాం రాశాడని కేసు. నేరం ఒప్పుకున్నాడు. 2019లో న్యాయమూర్తి అతను చేసిన మేలునూ తూకంలో వేసి, మళ్లీ జైలుకు పంపకుండా వదిలేశారు. ఈ చిట్టా మొత్తంలో కాస్త ఆలోచించి ఇచ్చినట్టు కనిపించే తీర్పు ఇదొక్కటే.

మన చట్టం మాటేమిటి? 2000 నాటి ఐటీ చట్టం 43వ సెక్షన్ ప్రకారం ఇతరుల కంప్యూటర్‌లోకి వైరస్‌ను చొప్పించడం తప్పు. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. దేశ భద్రతకే ఎసరు పెడితే యావజ్జీవం. విదేశంలో కూర్చుని మన కంప్యూటర్ మీద దాడిచేసినా ఈ చట్టం వర్తిస్తుంది. కాగితం మీద లోటేమీ లేదు. కానీ, చిత్తూరు జిల్లాలో స్టేషన్ కంప్యూటర్ పాడైతే, దర్యాప్తు చేసే సీఐ ప్యాంగ్యాంగ్ దాకా వెళ్లి సంకెళ్లు వేస్తారా?

అతుకు వెయ్యడం అంత సులువా?

'ప్యాచ్ వేసుకోలేదు, మీదే తప్పు' అని అనెయ్యడం నగరంలో ఏసీ గదిలో కూర్చున్నవాళ్లకు తేలిక. అనంతపురం పీఠభూమి మీద ఏదో ఓ మండలాఫీసును ఊహించుకోండి. కరెంటు ఎప్పుడుంటుందో తెలియని రోజులు. నెట్ వేగం నత్తనడక. వందల మెగాబైట్ల ప్యాచ్ సగం దిగేసరికి లైను పోతుంది. కొన్ని చోట్ల విండోసే దొంగ కాపీ. అప్‌డేట్ నొక్కితే ఎక్కడ బయటపడుతుందోనన్న భయంతో దాన్ని ఆపేసి ఉంచుతారు.

వీటన్నిటికంటే పెద్దది మరోటుంది. పనిచేస్తున్న యంత్రాన్ని ముట్టుకోవాలంటే భయం! అప్‌డేట్ చేశాక ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ తెరుచుకోకపోతే? ప్రింటర్ మొరాయిస్తే? మాట పడాల్సింది ఆపరేటరే. అప్‌డేట్ చెయ్యలేదని ఎవరూ అడగరు. చేసి చెడగొడితే అందరూ అడుగుతారు. అలాంటప్పుడు ఎవరు మాత్రం వేలు పెడతారు?

అక్కడ ఆగిపోయేది ఒట్టి ఫైలు కాదు. ఉపాధి హామీ పథకం మొదలైంది ఈ జిల్లాలోనే. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో నాటి ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియాగాంధీ దాన్ని ప్రారంభించారు. కూలీల మస్టర్లు, పని కొలతలు, చెల్లింపు ఉత్తర్వులు... అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించడంలో మన రాష్ట్రానిది మొదట్నుంచీ ముందడుగే. దొంగ మస్టర్లకు అడ్డుకట్ట వేయడంలో దానికి దక్కిన పేరు అబద్ధమేమీ కాదు. 2023 జనవరి నుంచి హాజరు కూడా సెల్‌ఫోన్ యాప్‌లోనే వెయ్యాలన్నారు. అంటే, ఎండలో గుంత తవ్విన మనిషికీ ఆమె కూలికీ మధ్య ఎన్నో యంత్రాలు! వాటిలో ఏ ఒక్కటి పడకేసినా ఆమెకు వినిపించే మాట ఒక్కటే... 'సిస్టం పనిచెయ్యట్లేదు, రేపు రామ్మా.' 

పట్టుబడితే పనులయ్యాయి కూడా. పాత విండోస్‌తో నడిచే ఏటీఎంలను మార్చమని రిజర్వుబ్యాంకు 2018 జూన్‌లో గడువులు పెట్టింది. సెప్టెంబరుకల్లా పావు వంతు, డిసెంబరుకల్లా సగం, మరుసటేడాది మార్చికి ముప్పాతిక, జూన్‌కు మొత్తం! ఎవరు చెయ్యాలో, ఎప్పటికి చెయ్యాలో రాసిపెట్టిన ఆదేశమది. మండలాఫీసు ఆపరేటర్‌కు అలాంటి కాగితం, దాంతోపాటు నాలుగు గంటల తీరిక, చెడితే బాగుచేసే మనిషి ఉంటే ఆయనా చేస్తాడు. గొంగళి పురుగు తల్లి రెక్కల పురుగుల్ని చంపేందుకు తొలకరి వానల తర్వాత ఊరంతా ఒకే రాత్రి చేలగట్ల మీద మంటలు వేస్తారు. ఇద్దరు వేసి, పదిమంది మానేస్తే ఫలితం సున్నా. ఒక్క యంత్రాన్ని వదిలేసినా నెట్‌వర్కులో జరిగేదీ అదే.

బుక్కాపురం మూలాలు

అన్నట్టు, ఈ అతుకులు పంపే మైక్రోసాఫ్ట్‌కు 2014 ఫిబ్రవరిలో అధిపతి అయిన సత్య నాదెళ్ల మూలాలు ఈ జిల్లావే. ఆయన తండ్రి, ఐఏఎస్ అధికారి యుగంధర్‌ది యల్లనూరు మండలం బుక్కాపురం. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ కార్యదర్శిగా పనిచేసిన పెద్దాయన. కొడుకు పగ్గాలు చేపట్టిన రెండు నెలలకే, ఏప్రిల్ 8న, విండోస్ ఎక్స్‌పీకి ప్యాచ్‌లు ఇవ్వడం ఆగిపోయింది. ఆ గడువు అంతకుముందే ఖరారైందనుకోండి. వానాక్రై విరుచుకుపడిన మర్నాడు మాత్రం సంస్థ నియమం పక్కనపెట్టి ఎక్స్‌పీకీ అతుకు విడుదల చేసింది. 2024 మేలో నాదెళ్ల ఉద్యోగులకు రాస్తూ... భద్రతా, మరో పనా అని ఎంచుకోవాల్సివస్తే భద్రతకే ఓటెయ్యమన్నారు.

విడ్డూరం ఏంటంటే, ఆ తర్వాత రెండు నెలలకే, జులై 19న, క్రౌడ్‌స్ట్రైక్ అనే వేరే సంస్థ పంపిన ఓ భద్రతా అప్‌డేటే 85 లక్షల విండోస్ కంప్యూటర్లను పడుకోబెట్టింది. పురుగు లేదు, దొంగ లేడు... మందే వికటించింది! హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో అందరి ఫోన్లలో తిరిగింది. మండలాఫీసు ఆపరేటర్ భయం ఉత్త భయం కాదని తేలిపోయింది. అందుకే అప్‌డేట్‌ను ముందుగా ఒక యంత్రంలో వేసి, రెండు రోజులు చూసి, అప్పుడు మిగతావాటిలో వెయ్యాలంటారు నిపుణులు. అయితే, ఆఫీసుకు ఉన్నదే ఒక్క యంత్రమైతే?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కీ మామూలు ప్యాచ్‌లు ఆగిపోయాయి. పాత యంత్రాలు చాలావాటికి విండోస్ 11 పట్టదు. మీ కంప్యూటర్ సంగతి తెలుసుకోవాలంటే స్టార్ట్ నొక్కి 'విన్‌వర్' అని ఇంగ్లిషులో టైప్ చేసి ఎంటర్ కొట్టండి. ఏ విండోసో చిన్న పెట్టెలో కనిపిస్తుంది. పది అని వస్తే, అదనపు గడువు కోసం నమోదు చేసుకున్నారో లేదో సెట్టింగ్స్‌లోని అప్‌డేట్ పేజీలో చూడండి. దానికంటే ముందు... అందులోని ముఖ్యమైన ఫైళ్లకు ఇంకో డిస్కులో నకలు తీసి, ఆ డిస్కును కంప్యూటర్ నుంచి ఊడదీసి బీరువాలో పెట్టండి.