వైఫల్యం నుండి పాఠ్యం: గోదావరిఖని గని ప్రమాదం – శిక్షణ రూపకల్పన

2003 జూన్ 16న సింగరేణి సంస్థకు చెందిన గోదావరిఖని 7ఎల్‌ఇపి భూగర్భ గనిలోకి నీరు ముంచుకువచ్చి 17 మంది మరణించారు. ఇటువంటి ముప్పును నివారించే నియమం అప్పటికే ఉన్నది. అప్పట్లో అమలులో ఉన్న 1957 నాటి బొగ్గుగనుల నిబంధనల ప్రకారం, నీరు లేదని నిర్ధారణ కాని పాత పనిస్థలాలకు 60 మీటర్ల లోపు చేరిన తవ్వకం అనుమతి లేకుండా ముందుకు సాగరాదు. కావున శిక్షణ రూపకర్త పరిశీలించవలసినది నియమం ఆచరణలోకి వచ్చే క్షణాన్ని.

1966 నాటి గనుల వృత్తిశిక్షణ నియమావళి ఐదేళ్లకొకసారి పునశ్చరణ శిక్షణను నిర్దేశించింది. తవ్వకపు హద్దు మాత్రం రోజురోజుకూ కదులుతుంది. ఈ అంతరాన్ని కంఠస్థం చేయించిన నియమం పూరించలేదు.

మృతుల సంఖ్యతో ముగిసే ప్రమాద పాఠం భయాన్నే మిగులుస్తుంది. పని నిలపవలసిన క్షణం వద్ద కథనాన్ని ఆపి, గని పటాన్ని ఎదుట ఉంచి, తదుపరి చర్య ఏమిటని కార్మికుని, సర్దారును, ఓవర్‌మన్‌ను విడివిడిగా అడిగినప్పుడు, వారి సమాధానాల తేడా శిక్షణలోని లోపాన్ని చూపుతుంది.

అయితే పటంలో పాత పనుల హద్దే తప్పైతే ఏ శిక్షణా చాలదు. శిక్షణతో తీరే లోపాన్ని, సర్వేతోనో పర్యవేక్షణతోనో తీరవలసిన లోపం నుండి వేరుచేయడం రూపకర్త తొలి బాధ్యత. లేనియెడల వ్యవస్థ వైఫల్యం కార్మికుని అజ్ఞానంగా నమోదవుతుంది.