ఇంటికి ఒక్క సైకిలు – ఏది కొనాలి?

చాలా ఇళ్లలో ఒక్క సైకిలే ఉంటుంది. రెండోది కొనే స్తోమతు ఉండదు. ఇంటెడు పనులకూ ఆ ఒక్కటే దిక్కు. పొద్దున్నే పాలు పోసి రావాలి. కూలికి పోవాలి. రేషను బియ్యం తేవాలి. పిల్లను బడి దగ్గర దించాలి. సంతకు కూరగాయలు వేసుకుపోవాలి.

మరి సైకిలు కొనే రోజున షాపుకు ఎవరు పోతారు? ఎక్కువగా మగవాళ్లే. తమ ఎత్తుకు సరిపోయేది చూసి కొంటారు. ఇంట్లో ఆడమనిషికి అది అందదు. మధ్యాహ్నమంతా సైకిలు గోడకు ఆనించి ఉంటుంది. ఆమె మాత్రం నెత్తిన మూట పెట్టుకొని నడుస్తుంది.

నడిస్తే గంటకు 4, 5 కిలోమీటర్లు పోవచ్చు. సైకిలు తాపీగా తొక్కినా 10 కిలోమీటర్లు పోవచ్చు. 5 కిలోమీటర్ల దూరంలో సంత ఉందనుకుందాం. నడిచి పోయి రావడానికి రెండు గంటలు దాటుతుంది. సైకిలు మీద గంట చాలు. మిగిలిన గంట ఆమెదే. అందుకే సైకిలు ఎంచుకునేటప్పుడు ఆమె మాట కూడా చెల్లాలి.

ముందు కాగితం మీద రాయాలి

షాపుకు పోయే ముందు ఒక కాగితం తీసుకోవాలి. అందులో నాలుగు సంగతులు రాసుకోవాలి.

1. సైకిలు ఎవరెవరు తొక్కుతారు?
2. రోజూ ఎంత దూరం పోవాలి?
3. ఏమేం మోయాలి? పాల క్యానా, గడ్డి మోపా, బియ్యం మూటా?
4. దారి ఎలాంటిది? తారు రోడ్డా, మట్టి బాటా?

తొక్కేవాళ్లలో అందరికన్నా పొట్టి ఎవరో చూడాలి. సైకిలు ఆ మనిషికి సరిపోవాలి. పొడుగు మనిషి సీటు పైకి జరుపుకొని తొక్కవచ్చు. పొట్టి మనిషి సైకిలును పొట్టిగా చేయలేదు.

సరిపోయిందో లేదో తెలుసుకోవడం తేలికే. సీటు మీద కూర్చోవాలి. రెండు కాళ్ల వేళ్లూ నేలకు ఆనాలి. బరువు వేసుకున్న సైకిలు ఆగినప్పుడు కాలు అందకపోతే మనిషీ, మూటా కలిసి పడతాయి.

రాడ్డు ఉన్నదా, లేనిదా?

మగవాళ్ల సైకిలుకు సీటు నుంచి హేండిల్ దాకా అడ్డంగా రాడ్డు ఉంటుంది. దాని వల్ల ఫ్రేము గట్టిగా ఉంటుంది. పెద్ద బరువులకు ఇది మంచిది. కానీ చీర కట్టిన మనిషి ఎక్కడం, దిగడం కష్టం.

లేడీస్ సైకిలుకు ఆ రాడ్డు కిందికి వంగి ఉంటుంది. చీరతోనైనా సులువుగా ఎక్కవచ్చు. చటుక్కున దిగవచ్చు. మామూలు బరువులను ఇది బాగానే మోస్తుంది. మరీ పెద్ద మూటలు వేస్తే మాత్రం ఫ్రేము ఊగినట్టు అనిపిస్తుంది.

అయితే ఆడవాళ్లందరికీ లేడీస్ సైకిలే తగినదా? కాదు. దీనికి తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లా ఆడవాళ్లే సాక్ష్యం. 1991లో అక్కడ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్. ఆ ఉద్యమంలో ఆడవాళ్లు చదువుతో పాటు సైకిలు కూడా నేర్చుకున్నారు. పొలం కూలీలు, రాతి క్వారీల్లో పనిచేసేవాళ్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు అందరూ నేర్చారు. 1992 మహిళా దినోత్సవం నాడు 1,500 మందికి పైగా ఆడవాళ్లు సైకిళ్లు తొక్కుతూ పుదుక్కోట్టై వీధుల్లోకి వచ్చారు.

అక్కడ లేడీస్ సైకిళ్లకు కరువు వచ్చింది. చాలామంది మగవాళ్ల సైకిళ్లే కొన్నారు. కొందరైతే కావాలనే అవి కొన్నారు. ఎందుకంటే ముందు రాడ్డు మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చు. అంటే పనిని బట్టి సైకిలు. పేరును బట్టి కాదు.

బరువు మోసేది ఏది?

సైకిలు మీద బరువంతా ఎక్కువగా వెనుక చక్రం మీదే పడుతుంది. అందుకే మామూలు పెద్ద సైకిలుకు ముందు చక్రంలో 32 పుల్లలు ఉంటే, వెనుక చక్రంలో 40 ఉంటాయి. పుల్లలు వదులైతే చక్రం వంకర పోతుంది.

క్యారియర్ లావుపాటి ఇనుప కడ్డీలతో చేసినదై ఉండాలి. దాని కాళ్లు చక్రం ఇరుసు దగ్గర బోల్టులతో బిగించి ఉండాలి. రెండు కాళ్ల స్టాండు ఉంటే సైకిలు నిటారుగా నిలబడుతుంది. ఒంటరిగానే మూట ఎత్తి కట్టుకోవచ్చు. పక్కకు ఆనే ఒంటి కాలి స్టాండు బరువుకు ఒరిగిపోతుంది.

చైనుకు పూర్తి కవరు ఉండాలి. లేకపోతే చీర కుచ్చెళ్లు అందులో పడతాయి. వెనుక చక్రానికి రెండు వైపులా వల లాంటి గార్డు వేయించాలి. వెనుక కూర్చున్న పిల్లల కాళ్లు పుల్లల్లో పడి నలిగిపోయే ప్రమాదం ఉంది.

గేర్ల సైకిలు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు సులువు కూడా. కానీ అలాంటివి చాలావాటికి క్యారియర్, మడ్‌గార్డు, చైను కవరు ఉండవు. గేరు చెడితే ప్రతి ఊళ్లోనూ బాగుచేసేవారు ఉండరు. మామూలు సైకిలుకు సామాను ఎక్కడైనా దొరుకుతుంది.

బరువు ఎలా కట్టాలి?

బరువు ఎంత కిందికి ఉంటే సైకిలు అంత నిలకడగా ఉంటుంది. పాలవాళ్లు క్యాన్లను రెండు పక్కలా కిందికి వేలాడదీసేది ఇందుకే. రెండు వైపులా బరువు సమానంగా ఉండాలి. మూటను మరీ వెనక్కి కట్టకూడదు. కడితే ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రం పైకి లేస్తుంది. తాడు కొసలు వేలాడకుండా దోపాలి.

బరువు ఉన్న సైకిలు వెంటనే ఆగదు. వానలో రిమ్ము తడిసి బ్రేకు ఇంకా తక్కువగా పడుతుంది. కాబట్టి ముందు నుంచే మెల్లగా బ్రేకు వేయాలి. వెనుక టైరులో గాలి గట్టిగా ఉండాలి. బొటనవేలితో నొక్కితే లొత్తపడకూడదు.

డబ్బు ఇచ్చే ముందు

కొత్తదైనా, పాతదైనా ఒకసారి తొక్కి చూడాలి. వెనుక బరువు పెట్టి కూడా తొక్కాలి. చక్రాన్ని పైకెత్తి తిప్పాలి. అది అటూ ఇటూ ఊగకూడదు. పాత సైకిలైతే గొట్టాల అతుకుల దగ్గర పగుళ్లు ఉన్నాయేమో వేలితో తడిమి చూడాలి. రంగు కొత్తగా వేసి ఉంటే ఇంకా జాగ్రత్తగా చూడాలి.

ప్రతి సైకిలు ఫ్రేము మీదా ఒక నెంబరు కొట్టి ఉంటుంది. సీటు కింద గొట్టం మీద గానీ, పెడళ్ల దగ్గర అడుగున గానీ అది కనిపిస్తుంది. బిల్లు అడిగి తీసుకోవాలి. బిల్లులో నెంబరూ, ఫ్రేము మీది నెంబరూ ఒకటేనా అని చదివి చూడాలి. సైకిలు పోతే పోలీసులకు చెప్పడానికి ఆ నెంబరే ఆధారం.

ఆ బిల్లులో కొన్నవారి పేరు కూడా రాస్తారు. అక్కడ ఇంటి ఆడమనిషి పేరు ఉంటే తప్పేముంది? రోజూ బరువు మోసేది ఆమే కదా!