బెజవాడ డాబామీది ఎండ

చలిదేశములలో కాపురముండు మన తెలుగువారికి నవంబరు మాసము ప్రవేశించినది మొదలు ఇంటిని వెచ్చగా నుంచుకొనుటకగు వ్యయము నిత్యచర్చగా నుండుననియు, డెట్రాయిటులోనో షికాగోలోనో యాభై అరువదియేండ్ల నాటి ఇల్లు కొన్నవారికి ఆ చర్చ చింతగా పరిణమించుననియు బెజవాడలోనున్న మేము వినుచునే యున్నాము. 1973 నాటి చమురు సంక్షోభము తరువాత అమెరికా దేశమున పాత ఇండ్లను బాగుచేసి ఇంధనమును పొదుపు చేయు విద్య ఒక శాస్త్రముగా వర్ధిల్లినది. పైకప్పు క్రింద దూదివంటి పొరను మందముగా పరచుట, తలుపులకును కిటికీలకును గల సందులు మూయుట, ఒంటి అద్దమునకు బదులు జోడు అద్దములు బిగించుట అందలి ముఖ్యాంశములు. ఆ విద్య నేర్చినవారు సెలవులకు స్వస్థలమునకు వచ్చి, సత్యనారాయణపురములోనో గవర్నరుపేటలోనో తల్లిదండ్రులున్న పాత ఇంటిని చూచి, అదే చికిత్సను దీనికిని చేయబూనుట సహజము. కాని ప్రేమతో చేయు ఆ ఖర్చులో చాల భాగము మా యెండకు అక్కరకు రానిది. అచ్చట ఇంటిలోని వేడిమి బయటికి పోరాదు, ఇచ్చట బయటి వేడిమి లోనికి రారాదు. ఎట్లయినను అడ్డుగట్టుటయే గదా, రెండును ఒకటేయని తోచును. ఒకటి కావు.

చలిదేశపు ఇంటిలో 20 డిగ్రీల వెచ్చదనము నిలుపగోరినప్పుడు బయట సున్నకు 15 డిగ్రీలు దిగువనున్నచో, రెంటికిని నడుమ అంతరము 35 డిగ్రీలు. ఆ యంతరము నాలుగు గోడలకును, కప్పునకును, ప్రతి సందునకును వర్తించును. బెజవాడలో మే మాసపు మధ్యాహ్నము గాలి 42 డిగ్రీలుండి గది 28 డిగ్రీలున్నచో అంతరము 14 మాత్రమే. ఈ లెక్క చూచినవాడు మన పని సులభమని భ్రమపడును. కాని అది నీడలో కొలిచిన గాలి లెక్క. డాబాకు నీడ లేదు. పదునారున్నర డిగ్రీల ఉత్తరాక్షాంశముపై నున్న ఈ నగరమున మే మొదటివారములో మిట్టమధ్యాహ్న సూర్యుడు సరిగా నడినెత్తిన నిలుచును. అది మొదలు ఆగస్టు మొదటివారము వరకు ఆ వేళ ఒకింత ఉత్తరముగనే సంచరించును. కావున నడివేసవిలో దక్షిణపు గోడకు ఎండ యించుమించు తగులనే తగులదు; తూర్పు పడమటి గోడలు చెరియొక పూట కాగును; కప్పు మాత్రము ప్రొద్దు పొడిచినది మొదలు క్రుంకువరకు విరామము లేక కాగును. పాచిపట్టి నల్లబారిన సిమెంటు డాబా పైపొర 60 డిగ్రీలు దాటుట సామాన్యము. అంటే, అచ్చటి శీతకాలములో ఇంటి కన్ని వైపులను ఉండు అంతరమునకు దీటైన అంతరమును ఇచ్చట కప్పు ఒక్కటియే మోయుచున్నది. పాత ఇంటికి పెట్టదలచిన మొదటి రూపాయి అక్కడ పెట్టవలెను.

డెల్టాలోని వెనుకటి ఇండ్లు ఈ సంగతి నెరిగి కట్టినవే. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియై, కాలువలు పారి, వరి పండి, చేతిలో నాలుగు రూపాయలాడిన కుటుంబములు కట్టించుకొన్న మండువా లోగిళ్లు దివిసీమలోను, గుడివాడ ప్రాంతమునను ఇంకను అక్కడక్కడ నిలిచియున్నవి. నడుమ ఆకాశమునకు తెరచిన మండువా, చుట్టును పంచలు, ఏటవాలుగా దిగు పెంకుల కప్పు, ఆ కప్పునకు దిగువ గదులపై చెక్కపలకలు పరచిన అటక. పెంకుల సందులగుండ వేడిగాలి పైకి పోవును. నడుమ అటక యుండుటచే పెంకుల కాక మనుష్యుల నెత్తిమీదికి తిన్నగా దిగదు. ప్రొద్దుగ్రుంకిన కొంతసేపటికే పలుచని పెంకు చల్లారును. పాత సామానులను అటకమీద పేర్చిన ఇల్లాలు తాను ఉష్ణమునకు మరియొక యడ్డుకట్ట కట్టుచున్నానని తలంచియుండదు. ఫలితము మాత్రము అదియే. పట్టణమున మేడలు కట్టినవారు టేకు దూలములపై ఇటుకలను నిలువుగా పేర్చి, గానుగ సున్నముతో అతికి, పైన ఇటుకముక్కలు కలిపిన సున్నపు కాంక్రీటును పనివాండ్రచే రోజుల తరబడి కొట్టించి, మద్రాసు టెర్రసు వేయించిరి. ఆ మందమును దాటి వేడిమి క్రిందికి దిగుటకు చాల కాలము పట్టును. అటువంటి గదిలో అపరాహ్ణమున పండుకొన్నవారికి దాని గుణము వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ రెంటిని శ్లాబు త్రోసివేసినది. దానికి కారణము ఆడంబరమే యనుట అన్యాయము. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనను కన్నవారికి, గాలికి లేచిపోని కప్పుపై మమకారము కలుగుటలో ఆశ్చర్యమేమి? పెంకులు నేయు పనివారు అరుదైరి. కోతుల బెడద చెప్పనలవి కాదు. పైన మరియొక అంతస్తు వేసికొను ఆశ పెంకుటింటికి లేదు. నాలుగైదు అంగుళముల కాంక్రీటు తుపానునుండి రక్షించినది, వానకు కారలేదు, కొడుకులకు వాటాలు పంచుటకును అనుకూలించినది. వేసవి మాట మాత్రము ఎవ్వరును తలంపలేదు, ఏలయన అప్పటికే చాల యిండ్లలో ఫ్యాను తిరుగుచుండెను.

శ్లాబు దోషము పగటికంటె రాత్రి యెక్కువ తెలియును. మధ్యాహ్నము మ్రింగిన వేడిమి కొన్ని గంటలకు గాని దాని అడుగునకు చేరదు. చేరునప్పటికి దీపాలవేళ యగును. బందరు వైపునుండి సముద్రపుగాలి వచ్చి వీథులు చల్లబడినను, లోపల కప్పు తనలోని కాకను అర్ధరాత్రి దాటువరకు క్రిందికి దించుచునే యుండును. ఫ్యాను ఆ కప్పు క్రింద పేరుకొన్న వేడిగాలినే మంచముమీదికి త్రోయును. పూర్వము సాయంకాలమున డాబామీద నాలుగు బిందెల నీళ్లు చల్లి, నవారు మంచములు వేసికొని అందరును పైననే నిద్రించెడివారు. నేడు చుట్టును అయిదంతస్తుల అపార్టుమెంట్లు లేచి గాలి రానీయవు, కాలువల ప్రక్కన దోమలు ఉండనీయవు, మోకాళ్లనొప్పులవారు మెట్లెక్కలేరు. 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశమున వేయిమందికి పైగా మరణించిరి. కావున వృద్ధులుండు ఇంటిలో రాత్రిపూట గదిని చల్లబరచుట భోగము క్రింద జమకట్టవలసినది కాదు.

చేయదగిన పనులలో మిక్కిలి చవుకయైనది డాబాకు తెల్లదనము కలిగించుట. పాతబడిన కాంక్రీటు తనపై పడిన యెండలో మూడింట రెండు వంతులవరకు మ్రింగును. శుభ్రమైన తెల్లపూత అంతే భాగమును, ఇంకను ఎక్కువను, తిప్పికొట్టును. సున్నమును జిగురు కలిపి రెండు పూతలు వేసినను సరే, ఇప్పుడు దుకాణములలో దొరకు కూల్‌రూఫ్ పెయింటు వేసినను సరే, గదిలో రెండు మొదలు నాలుగు డిగ్రీల వరకు తగ్గుదల కనబడును. సున్నము ఒక వానకాలమునకు వెలిసిపోవును, పెయింటు కొన్నేండ్లు నిలుచును. రెండింటికిని శత్రువు దుమ్ము, కాబట్టి వేసవికి ముందొకసారి కడుగుట తప్పదు. ఇంతకంటె శాశ్వతముగా కావలెనన్నవారు తెల్లని పెంకుముక్కలను పరపింతురు, లేదా కూల్ టైల్స్ వేయింతురు. బోర్లించిన మట్టి కుండలను వరుసగా పేర్చి పైన సున్నపు కాంక్రీటు వేయుట పాత పద్ధతియైనను మంచి పద్ధతి; కుండలలో చిక్కిన గాలియే అడ్డుగట్టును. కాని బరువు మిక్కిలి. డెల్టా తేమకు లోపలి ఇనుము త్రుప్పుపట్టి, కప్పు అడుగున పెచ్చులూడుచున్న శ్లాబుపై ఒక్క బుట్టెడు కాంక్రీటైనను మోపరాదు. అట్టి యింటికి ఇంజనీరును చూపి ముందు మరమ్మతు చేయించి, తెల్లపూతతో తృప్తిపడవలెను. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పులకొరకు ప్రత్యేకముగా ఒక విధానమునే ప్రకటించినది. దేశమంతటికిని 2018 డిసెంబరులో వెలువడిన ఎకో నివాస్ సంహితయు క్రొత్త ఇండ్ల కప్పునుండి దిగు వేడిమికి హద్దు నేర్పరచినది. పాత ఇండ్లను నిర్బంధించు నియమ మేదియు లేదు, యజమాని వివేకమే శరణ్యము.

గోడల విషయము క్లుప్తముగా చెప్పవచ్చును. పడమటి గోడకు నీడ కావలెను: వేపచెట్టు కాని, తాటాకు పందిరి కాని, కనీసము కిటికీ బయట వెదురు తడక కాని. తెర బయటనుండవలెను, లోపల వ్రేలాడదీసిన పరదా ఎండను ఆపునుగాని అప్పటికే లోనికి వచ్చిన వేడిమిని ఆపజాలదు. వట్టివేళ్ల తట్టీలును, వాటి మనుమలైన ఎయిర్ కూలర్లును పొడి పడమటిగాలి వీచు రోజులలో చక్కగా పనిచేయును. గాలిలో తేమ పెరిగిన పిదప అవి గదిని ఉక్కగా మార్చుటకంటె చేయునది లేదు. అనంతపురములోను, హైదరాబాదులోను కూలరు మెచ్చుకొనువారు బెజవాడ బంధువులు దానిని మూలన పెట్టుట చూచి వింతపడుదురు. తేమయే దీనికి కారణము.

ఇక బిల్లు. మన రాష్ట్రమున 2022 ఏప్రిలులో అమలులోనికి వచ్చిన పట్టిక ననుసరించి గృహవినియోగమునకు మొదటి 30 యూనిట్లకు 1.90 రూపాయలు, 75 వరకు 3, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపైన 9.75 చొప్పున యూనిటు వెల. ఈ మెట్ల మర్మమును ఒక్క యుదాహరణముతో చూడుడు. వేసవిలో నెలకు 400 యూనిట్లు కాల్చు ఇంటికి ఈ లెక్కన 2,548 రూపాయలు. 225 యూనిట్లతో సరిపెట్టుకొన్న ఇంటికి 1,017. వాడకము నూటికి 44 వంతులు తగ్గగా వెల నూటికి 60 వంతులు తగ్గినది. పొదుపు చేసిన ప్రతి యూనిటును పై మెట్టునుండియే జారును గనుక, ఈ పట్టికలో పొదుపునకు గల విలువ వినియోగమునకు గల సగటు వెలకంటె ఎక్కువ. స్థిరచార్జీ, సుంకము, ఇంధన సర్దుబాటు అను నవి వేరు; వాటినిగూర్చి బెజవాడ అరుగులమీద జరుగు ప్రసంగమును ఇక్కడ అచ్చువేయుట మర్యాద కాదు.

పాత సీలింగు ఫ్యాను 75 వాట్లు త్రాగును. బీఎల్‌డీసీ మోటారు గల క్రొత్తది 30 వాట్లతో అంత గాలియే ఇచ్చును. హాలులో దినమునకు పదునారు గంటలు తిరుగు ఫ్యానును మార్చినచో నెలకు ఇరువదియొక్క యూనిట్లకు పైగా మిగులును; ఆరు రూపాయల మెట్టుననే లెక్కించినను, సుమారు మూడువేల రూపాయల వెల రెండేండ్లలో తిరిగివచ్చును. ఇంట నెవ్వరును గమనింపని ఈ చిన్న మార్పును నేను ఏసీకంటె ముందు నిలుపుదును. ఏసీయన్ననో, గదిగదికి అమర్చి పోవుటకంటె, పెద్దవారు నిద్రించు ఒక్క గదిని ఎన్నుకొని, అక్కడ మాత్రము అమెరికా విద్యను ప్రయోగించి తలుపు సందులు మూయించి, కిటికీకి రబ్బరుపట్టీలు వేయించి, ఐదు నక్షత్రముల ఇన్వర్టరు యంత్రమును బిగించుట మేలు. మిగిలిన ఇల్లు గాలికి తెరచియే యుండవలెను. 2020 జనవరి మొదలు మన దేశమున అమ్ము ఏసీలు 24 డిగ్రీలవద్ద మొదలగునట్లు నియమము కలదు. ఒక్కొక్క డిగ్రీ పెంచినకొలది నూటికి ఆరు వంతుల కరెంటు మిగులునని ఇంధన సామర్థ్య సంస్థవారి అంచనా. 27 వద్ద ఉంచి పైన ఫ్యాను మెల్లగా తిరుగనిచ్చిన గదిలో దుప్పటి వెదకువారు కూడ కలరు. మాకు కరెంటు నిచ్చు కేంద్రము ఇబ్రహీంపట్నమున 1979 నుండి బొగ్గు కాల్చుచునే యున్నది. ఇంటిని చల్లార్చుటకు ఊరిప్రక్కన పొయ్యి రగిల్చుట యను వైపరీత్యము ఏసీ రిమోటు చేతబట్టినప్పుడు స్ఫురించుట మంచిదే.

ఆ డాబామీది యెండనే పనికి పెట్టువారును పెరుగుచున్నారు. 2024 ఫిబ్రవరిలో ఆరంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకము క్రింద మూడు కిలోవాట్ల సౌరఫలకములకు 78,000 రూపాయల రాయితీ లభించును. కిలోవాటుకు దినమునకు సగటున నాలుగు యూనిట్లు పుట్టునని లెక్కించినచో నెలకు 350 యూనిట్ల ప్రాంతము. అంటే పైని ఉదాహరణములోని 400 యూనిట్ల ఇంటికి దాదాపు సరిపోవును. ఫలకములు సుమారు మూడువందల చదరపుటడుగుల మేర డాబాకు నీడపట్టుట అదనపు లాభము. తుపానుగాలికి లేవకుండునట్లు చట్రమును శ్లాబులోనికి గట్టిగా దింపించి, ఆ రంధ్రములగుండ నీరు దిగకుండ మూయించుట మరువరాదు. మరియొక చిక్కు కలదు: చాల పాత ఇండ్లలో కరెంటు సర్వీసు ఎన్నడో గతించిన తాతగారి పేరనే యుండును. పేరుమార్పు పత్రములు ముందు సిద్ధపరచుకొనుడు; అన్నదమ్ముల సంతకములు వేర్వేరు ఖండములనుండి తెప్పింపవలసియుండును గనుక ఫలకములు బిగించుటకంటె దానికే ఎక్కువ కాలము పట్టును.

ఈ పనులకు సంక్రాంతి సెలవుల కాలము అనుకూలము. తుపానుల ఋతువు గడచి డాబా పొడిగానుండును, ఎండ ముదరదు, పూతలు ఆరుటకు తగిన వ్యవధి దొరకును. వచ్చిన మొదటి వారముననే పగుళ్లు పూడ్పించి, నీరు పోవు తూములు శుభ్రపరపించి, పూత వేయించినచో, తిరుగు ప్రయాణమునకు ముందే పని కన్నులార చూచుకొనవచ్చును. ఫాల్గుణము వరకు ఆగినవారికి మేస్త్రీలు దొరకరు.